పిల్లల చదువు దగ్గర మనం ఎంత దూరంలో కూర్చోవాలి?

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి వరండాలో పద్దెనిమిదేళ్లుగా ట్యూషన్ చెబుతున్నాను. జూన్‌లో బళ్లు తెరిచారంటే చాలు, గేటు దగ్గర బండి ఆపి హెల్మెట్ కూడా తీయకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఇంటి దగ్గర మేం ఎంతవరకు పట్టించుకోవాలి?" వదిలేస్తే పాడైపోతారని భయం. పక్కన కూర్చుంటే రోజూ కురుక్షేత్రం. ఒక్కొక్కరికీ గేటు పట్టుకుని చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒకచోట రాసి పెడుతున్నాను. ఒకటి నుంచి పది దాకా చదివే పిల్లలున్న ఇళ్లకు పనికొస్తుంది. హాస్టల్లో వేసినవాళ్ల సంగతి కూడా చివర్లో కాస్త ఉంది.

మీ పిల్ల ఏ లెక్క దగ్గర, ఏ వాక్యం దగ్గర ఆగిపోతోందో మీకు తెలిస్తే మీరు బాగానే పట్టించుకుంటున్నట్టు. ఆ లెక్క మీకు రాకపోయినా ఫర్వాలేదు. కింద చెప్పేదంతా ఆ ఆగిన చోటు తెలుసుకోవడం కోసమే.

కావాల్సినవి

- వంద పేజీల రూళ్ల నోట్‌బుక్ ఒకటి. ఇది మీది, పిల్లలది కాదు.
- గోడ గడియారం. ఫోన్‌లో టైం చూడటానికి తీస్తే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.
- రోజూ ఒకే చోటు. డైనింగ్ టేబులైనా, చాపైనా సరే. టీవీ కనపడకూడదు.
- క్లాస్ టీచర్‌కి ఏ రోజు, ఏ పీరియడ్ ఖాళీయో తెలిసి ఉండాలి. డైరీలో అడిగితే చెబుతారు.
- మీ దగ్గర నలభై నిమిషాలు. రోజూ కుదరకపోతే వారానికి నాలుగు రోజులు.

ఇంగ్లిషు రావాలని లేదు. లెక్కలు రావాలనీ లేదు.

1. మొదటి వారం ఏమీ చేయకండి, చూడండి

సాయంత్రం చదువుకి కూర్చున్న టైం, లేచిన టైం, మధ్యలో "అమ్మా, ఇదెలా?" అని ఎన్నిసార్లు పిలిచారో మీ నోట్‌బుక్‌లో రాయండి. ఆ వారం తిట్టొద్దు, సలహా ఇవ్వొద్దు. అడిగితే మామూలుగా ఎలా చెబుతారో అలాగే చెప్పండి. కూర్చుని చూస్తే మనకే తెలియని విషయాలు బయటపడతాయి. పాపకి చదువంటే బద్ధకం అని వచ్చిన ఒకావిడ వారం తర్వాత నోట్‌బుక్ తెచ్చి చూపించింది. అరగంటలో పదిహేడుసార్లు "అమ్మా" అంది. ప్రతిసారీ ఆవిడ వంటింట్లోంచి జవాబు చెప్పేసింది. పాప బద్ధకస్తురాలేం కాదు, అడిగితే జవాబు వస్తుందని బాగా తెలుసుకుంది, అంతే.

2. తరగతిని బట్టి మీ కుర్చీ జరపండి

ఒకటి, రెండు తరగతులకు పక్కనే కూర్చోండి. చదివి వినిపించండి, ఎక్కాలు కలిసి చెప్పండి. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ అయితే రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. బడి ఇస్తోందనుకోండి, ఇరవై నిమిషాలు దాటితే పుస్తకం మూసేయండి. మిగిలింది ఎందుకు మిగిలిందో డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి.

మూడు నుంచి ఐదు దాకా ఒకే గదిలో ఉండండి, మీ పని మీరు చేసుకోండి. చిక్కుడుకాయలు ఒలుచుకోవడం దీనికి భేషైన పని. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి పెన్సిల్ లాక్కోలేరు.

ఆరు నుంచి ఎనిమిది దాకా పని అయ్యాక ఒక్కసారి చూడండి. మధ్యలో వెళ్లొద్దు. తొమ్మిది, పది వాళ్లకు ఆదివారం అరగంట కలిసి కూర్చుంటే చాలు. మిగతా ఆరు రోజులూ తిండి, నిద్ర చూసుకోండి. పదో తరగతి తల్లులు ఇక్కడ నా మీదకి పోట్లాటకొస్తారు. "ఆరువందల మార్కుల పరీక్ష మేడమ్, ఆదివారం అరగంటేంటి?" అని. ఆరువందల మార్కులూ రాయాల్సింది వాడు కాబట్టే అరగంట అంటున్నాను.

హెచ్చరిక: ఇన్నాళ్లూ పక్కన కూర్చుని, ఎవరో చెప్పారని ఒక్కరోజులో లేచిపోకండి. సైకిల్ నేర్పేటప్పుడు సీటు వెనక చెయ్యి ఎలా వదులుతామో అలా. వారం పక్కన, తర్వాత వారం ఎదురుగా, ఆ తర్వాత గుమ్మం దగ్గర.

3. పెన్సిల్ ముట్టుకోవద్దు

ఇదే అన్నిటికంటే కష్టం, అందుకే ఒక లెక్క పూర్తిగా చూద్దాం. నాలుగో తరగతి పిల్లాడు 402లోంచి 178 తీసేసి 376 అని రాశాడు. నాన్నగారు చూశారు. రబ్బరు తీసి చెరిపి, "224 రా, రాయి" అన్నారు. మర్నాడు టీచర్ 224 చూసి టిక్కు పెట్టారు. అక్కడితో ఆ తప్పు ఎవరికీ కనపడకుండా పోయింది. పరీక్షలో మళ్లీ పైకొస్తుంది.

376 ఎలా వచ్చిందో చూడండి. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీశాడు. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడే దించాడు. ప్రతి చోటా పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తున్నాడు. వాడికి తీసివేత వచ్చు, మధ్యలో సున్నా ఉన్నప్పుడు అప్పు తెచ్చుకోవడమే రాదు. ఇది తెలిశాక సగం పని అయిపోయినట్టే.

అప్పుడు ఏం చేయాలి? వరసగా మూడు ప్రశ్నలు అడగండి. "ఏం అడిగారు ఇందులో?" "ఎక్కడి దాకా నీకు తెలుసు?" "క్లాసులో ఇలాంటిది ఏది చేయించారు?" సగం సార్లు మూడో ప్రశ్నకి వాళ్లే నోట్స్ తిరగేసి దారి పట్టుకుంటారు.

అప్పటికీ రాకపోతే వస్తువు చూపించండి. నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికివ్వండి. "రైతుబజార్‌లో కూరలకి 178 ఇవ్వాలి, సరిగ్గా ఇయ్యి" అనండి. చిల్లర కావాలంటాడు. ఒక వంద మార్చి పది రూపాయల నోట్లు పది ఇవ్వండి. ఇంకా రూపాయలు చాలవు. ఒక పది మార్చి పది రూపాయి బిళ్లలు ఇవ్వండి. ఇప్పుడు వాడి చేతిలో మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయలు ఉన్నాయి. 178 లెక్కపెట్టి ఇచ్చాక మిగిలింది వాడే చెబుతాడు. నోట్లు లేకపోతే కాగితం ముక్కల మీద రాసినా సరిపోతుంది. ఆ రోజు పది లెక్కలూ అవకపోయినా నష్టం లేదు, ఈ ఒక్కటీ అయితే చాలు.

దీనికీ దారి దొరకలేదనుకోండి, తప్పుని తప్పుగానే వదిలేసి పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి పంపండి. చాలామందికి ఇది ప్రాణం మీదకొస్తుంది. తప్పున్న పుస్తకం బడికి పంపితే మనకే పరువు తక్కువ అనుకుంటారు. హోంవర్క్ దిద్దేవాళ్లకి ఆ తప్పే కావాలి. నేనైతే అన్నీ రైటున్న పుస్తకం చూస్తే, ఇంట్లో ఎవరు రాశారా అని అక్షరాలు చూస్తాను.

లెక్కలు రాని, ఇంగ్లిషు రాని ఇళ్లకి

ఆటోనగర్‌లో పనిచేసి రాత్రి తొమ్మిదికి వచ్చే నాన్నలు, ఇళ్లల్లో పనికి వెళ్లే అమ్మలు మా వరండాకీ వస్తారు. "మాకేం తెలుసమ్మా" అంటారు. మీకు చెవులుంటే చాలు. పాఠం తెలుగులో అప్పజెప్పించుకోండి. బట్టీ కొట్టింది గడగడా వల్లించడం కాదు, కథలా చెప్పమనండి. "మొక్క ఎండలో అన్నం వండుకుంటుందా? అయితే రాత్రి ఏం చేస్తుంది?" అని మీకు నిజంగా వచ్చే సందేహమే అడగండి. చెప్పలేక తడబడిన చోటే వాడు ఆగిన చోటు. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషులో ఉంటే ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. తెలుగు చదవగలిగితే అదే మీ గైడు. చదవలేకపోతే అమ్మమ్మకి, తాతయ్యకి ఈ పని అప్పగించండి. వాళ్లు విన్నంత ఓపికగా మనం వినలేం కూడా.

4. టీచర్‌తో మాట్లాడటం

డైరీలోగానీ మెసేజ్‌లోగానీ ఒక్క విషయం, ఒక్క ప్రశ్న ఉండాలి. "మా వాడు సరిగా చదవడం లేదు, కాస్త చూడండి" అని రాస్తే ఏ టీచరైనా "అలాగేనండి" అంటారు, అంతకంటే చేయడానికి అందులో ఏమీ లేదు. ఇలా రాయండి: "మధ్యలో సున్నా ఉన్న తీసివేతల్లో ఆగుతున్నాడు. నోట్లతో చేస్తే వచ్చింది, పుస్తకంలో రావడం లేదు. క్లాసులో ఎలా చెబుతున్నారో తెలిస్తే ఇంట్లో అలాగే చేయిస్తాం." దీనికి జవాబు వస్తుంది.

క్లాసు వాట్సాప్ గ్రూపులో మీ పిల్లల తప్పులు, టీచర్ మీద కోపాలు పెట్టకండి. ఒకరు మొదలుపెడితే రాత్రి పదకొండు దాకా నలభై మంది ఊగిపోతారు, మర్నాడు క్లాసులో పిల్లలు తలవంచుకు కూర్చుంటారు. ఇంకో పాడు అలవాటు, ఆ గ్రూపులోంచి హోంవర్క్ మీరే చూసి చెప్పడం. డైరీ రాసుకోవాల్సిన పిల్లాడు రాయడం మానేస్తాడు, వాడికి ఇంట్లో గుమాస్తా ఉన్నాడు కదా.

పేరెంట్స్ మీటింగ్‌లో మీకు దొరికేది పది నిమిషాలు. మార్కులు కాగితం మీదే ఉంటాయి, వాటి గురించి టైం వేస్ట్ చేయకండి. "క్లాసులో చెయ్యెత్తి అడుగుతాడా?", "ఎవరి పక్కన కూర్చుంటాడు?", "ఇంటి దగ్గర మేం మానేయాల్సింది ఏమైనా ఉందా?" ఈ మూడూ అడిగి రండి. మూడోదానికి మొదట మొహమాటపడతారు, రెండోసారి చెబుతారు. ప్రభుత్వ బళ్లలో 2024 డిసెంబర్ 7న, మళ్లీ 2025 జులై 10న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. అలాంటి పెద్ద రోజున సందడిలో మాట్లాడటం కుదరదు, హాజరై పలకరించి, అసలు మాటకి ఇంకో రోజు అడిగి రండి. ప్రభుత్వ బడిలో మీకు ఇంకో దారి కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మరుగుదొడ్డి, మంచినీళ్లు, టీచర్ కొరత లాంటివి డైరీలో రాసేవి కావు, అక్కడ మాట్లాడేవి.

హెచ్చరిక: "నాలుగు తగిలించండి మేడమ్, మేమేం అనుకోం" అని ఎవరూ అనకండి. బడిలో కొట్టడాన్ని అదే చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మీ అనుమతితో అది చెల్లదు.

5. ప్రాజెక్టు వర్క్: ఇది నా తప్పు కథ

మా అబ్బాయి ఐదో తరగతిలో బడి ఎగ్జిబిషన్‌కి ప్రకాశం బ్యారేజీ చేయాలన్నాడు. బీసెంట్ రోడ్డుకి వెళ్లి థర్మోకోల్, నీలం చార్టు, ఐస్‌క్రీమ్ పుల్లలు తెచ్చాను. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని డెబ్బై గేట్లూ నేనే అతికించాను. వాడు తొమ్మిదిన్నరకే నిద్రపోయాడు. మర్నాడు చూడ్డానికి వచ్చిన పెద్దాయన బాగుందని మెచ్చుకుని, "ఎన్ని గేట్లు బాబూ?" అన్నారు. వాడు నా వైపు చూశాడు. "ఎప్పుడు కట్టారు?" మళ్లీ నా వైపే. 1957 అని నా నాలిక చివర ఉంది, చెప్పలేను. ప్రైజు వచ్చింది. ఇంటికి వచ్చేటప్పుడు బండి వెనక కూర్చుని వాడన్న మాట, "అమ్మా, నీకే ఇచ్చారు కదా."

అప్పటి నుంచి మా వరండా రూలు ఇది. సామాన్లు కొనడం, బ్లేడుతో కోయడం, మోసుకెళ్లడం పెద్దవాళ్లు చేయొచ్చు. ఏం చేయాలో అనుకోవడం, అతికించడం, రాయడం, చెప్పడం పిల్లలవి. వంకరగా ఉంటే వంకరగానే వెళ్లాలి. ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి అతికించడం చేసినట్టు కాదు. తప్పనిసరై ప్రింటు తీస్తే దాని కింద నాలుగు వాక్యాలు పిల్లల చేతి రాతతో ఉండాలి.

6. మార్కులు వచ్చిన రోజు

బడి గేటు దగ్గర, బండి మీద, లిఫ్టులో మార్కులు అడగకండి. ఇంటికొచ్చి అన్నం తిన్నాక అడగండి. అదీ "ఎన్ని?" అని కాదు, పేపరు చూపించమనండి.

పేపరు తీసుకుని పోయిన మార్కుల్ని మూడు ఖాతాల్లో వేయండి: అసలు రానివి, వచ్చి కూడా తప్పు రాసినవి, టైం చాలక వదిలేసినవి. రానివి టీచర్‌కి చెప్పాలి. వచ్చి తప్పినవాటికి తిట్లు పనిచేయవు, రాసిన తర్వాత ఐదు నిమిషాలు వెనక్కి చూసుకునే అలవాటు చేయించాలి. టైం చాలనివాటికి గోడ గడియారం ముందు కూర్చోబెట్టి వారానికొక పాత పేపరు రాయించాలి. పదిహేను మార్కులు పోయాయంటే గుండె గుభేలుమంటుంది. అందులో తొమ్మిది వదిలేసిన ప్రశ్నలవే అని తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది, మీకూ వాడికీ.

పక్కింటి పిల్లతో పోల్చడం గురించి ఎంత చెప్పినా మానరు కాబట్టి ఒకటే అడుగుతాను. పోల్చాలనుకుంటే వాడి పోయినసారి పేపరుతో పోల్చండి.

7. ట్యూషన్ పెట్టే ముందు

నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను, కానీ రాస్తాను. ఎందుకు పెడుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే పెట్టకండి. "అందరూ పంపుతున్నారు" లెక్కలోకి రాదు. "భిన్నాలు రావడం లేదు, దసరా లోపు రావాలి" అన్నారనుకోండి, అది ట్యూషన్‌కి పనికొచ్చే కారణం, ఎప్పుడు మాన్పించాలో కూడా అందులోనే ఉంది. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో వేయమంటారా అని అడుగుతుంటారు. ఆరో తరగతి పిల్లాడికి ఏడు గంటలకి ఆకలేసి, తొమ్మిదిన్నరకి నిద్ర వచ్చి, మధ్యలో అరగంట వీధిలో ఆడే టైం మిగులుతుందా అని ముందు లెక్క వేయండి. మిగలకపోతే వద్దు.

8. హాస్టల్లో ఉంటే

విజయవాడ చుట్టూ హాస్టళ్లున్న పోరంకి, గొల్లపూడి, నిడమానూరు వైపు ఆదివారం పొద్దున వెళ్తే క్యారేజీలు, ఆవకాయ సీసాలు పట్టుకుని నిలబడ్డ అమ్మానాన్నలు కనిపిస్తారు. ఆ కాసేపట్లో మొదటి మాట ర్యాంకు గురించి ఉండొద్దు. ఏం తిన్నావు, రాత్రి నిద్ర పట్టిందా, రూంలో ఎవరితో మాట్లాడుతున్నావు అని అడగండి. మార్కులు ఎలాగూ మీ ఫోన్‌కి మెసేజ్ వస్తాయి.

హెచ్చరిక: ఎప్పుడూ వాగేవాడు ముక్తసరిగా మాట్లాడుతున్నా, తిండి మానేసినా, "ఇంటికొచ్చేస్తా" అని రెండోసారి అన్నా సర్దిచెప్పి ఫోన్ పెట్టేయకండి. అదే రోజు వెళ్లి చూడండి, అవసరమైతే తీసుకొచ్చేయండి. కట్టిన ఫీజు గురించి ఆ రోజు ఆలోచించకండి. మాట్లాడటానికి మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ టైంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. పిల్లల సాయానికి 1098 ఉంది.

ఎక్కువమంది చేసే తప్పులు

అమ్మ ఒకటి చెబితే నాన్న ఇంకొకటి చెప్పడం. అమ్మ రోజూ చూస్తుంది, నాన్న ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు ఒక్కసారి వచ్చి ఉరుముతాడు. సంతకం పెట్టే ముందు ఇద్దరూ వేరే గదిలో మాట్లాడుకుని రండి.

"చదువుకో" అని చెబుతూ ఎదురుగా కూర్చుని రీల్స్ చూడటం. దీనికి వివరణ అక్కర్లేదు.

పరీక్ష ముందు రోజు రాత్రి కొత్త పాఠం మొదలుపెట్టించడం. పడుకోబెట్టండి.

మర్చిపోయిన నోట్‌బుక్‌ని బండేసుకుని బడికి పట్టుకెళ్లి ఇవ్వడం. రెండుసార్లు చీవాట్లు తింటే మూడోసారి సంచి వాళ్లే సర్దుకుంటారు. అన్నం డబ్బా, మందులు అయితే మాత్రం పట్టుకెళ్లండి.

పని చేసిందా లేదా ఎలా చూసుకోవాలి

నాలుగు వారాలు గడిచాక మొదటి వారం రాసిన పేజీ తీయండి. "అమ్మా" లెక్క మళ్లీ వేయండి. తగ్గాలి. సున్నా అయిపోతే మాత్రం అనుమానించండి, అడగడం మానేసి గైడులో చూసి దించుతూ ఉండొచ్చు. ఆ పూట రాసినదాంట్లోంచి ఒకటి మూసి, చెప్పమనండి.

పరీక్ష రాసి వచ్చిన రోజు, పేపరు దిద్దకముందే "ఏది తప్పు పోయి ఉంటుంది?" అని అడగండి. "అన్నీ బాగా రాశా" అంటే ఇంకా కుదరలేదు. "నాలుగోది డౌటు" అని, ఆ నాలుగోదే తప్పయితే వాడి చదువు వాడికి కనపడటం మొదలైంది.

ఇంకో పరీక్ష మీకు. తెనాలిలో పెళ్లికో, గుంటూరులో చుట్టాలింటికో రెండు రోజులు వెళ్లండి, ఇంట్లో ఇంకో పెద్దవాళ్లు ఉంటేనే. వెళ్లేటప్పుడు చదువు గురించి ఏమీ చెప్పకండి, ఫోన్‌లో అడగకండి. తిరిగొచ్చి డైరీ చూడండి. రెండు రోజుల హోంవర్కులో సగానికి పైగా అయి ఉంటే కుర్చీ ఇంకో అడుగు వెనక్కి జరపొచ్చు. అసలేమీ అవకపోతే తిట్టకుండా ఒక అడుగు దగ్గరికి జరిగి, ఇంకో మూడు వారాలు చూడండి.

మొదలుపెట్టడానికి పరీక్షల వారం మంచిది కాదు, ఇంట్లో అందరి నరాలూ తీగల్లా ఉంటాయి. పరీక్షలు అయిపోయిన తర్వాత వచ్చే సోమవారం చూసుకోండి. ఆ సాయంత్రం కిలో చిక్కుడుకాయలు తెచ్చి పెట్టుకోండి.